అచ్చుకి నాలుగు స్టార్లు, ఎర్రపెన్నుకి రెండు

కోనసీమలో ఏ సంఘమైనా చిన్న పుస్తకం వేయించాలనుకుంటే ముందొచ్చే ప్రశ్న, రాజమండ్రి పోవాలా ఇక్కడే అయిపోతుందా అని. ఇక్కడే అయిపోతుంది. మా రైతుల డైరీ అమలాపురంలోనే ఒక ప్రెస్సులో వేయించాం, దాని గురించే ఇది. పేరు రాయడం లేదు. రాస్తే అక్కడి ప్రూఫుల మాష్టారు ఈ రివ్యూని కూడా ప్రింటు తీసి, ఎర్రపెన్నుతో దిద్ది, ఫొటో కొట్టి వాట్సాప్‌లో పెడతారు. ఆయన పెట్టగలరు.

ముందు అచ్చు పని. 48 పేజీలు, లోపల 70 జీఎస్‌ఎమ్ మ్యాప్లిథో, కవరుకి ఆర్ట్ కార్డు, దాని మీద మ్యాట్ లామినేషన్, నడుమ పిన్నులు, 1000 కాపీలు. ఇంకు అన్ని పేజీల్లో ఒకేలా పడింది. వెనక పేజీ అక్షరాలు ముందుకి తేలలేదు, కటింగు వంకర పోలేదు. పొలం వెళ్ళేటప్పుడు లుంగీ మడతలోనో బండి డిక్కీలోనో పడేసుకునే సరుకు కదా, తొలకరి జల్లుకి తడిసిన కాపీ కూడా చూశాను, కవరు ఊడిరాలేదు. రేటు రాజమండ్రి కంటే కాస్త తక్కువే, కాగితం ధర పెరిగిందని మధ్యలో నసగలేదు కూడా. మేం ఫోన్లో కొట్టి పంపిన మ్యాటరుని వాళ్ళ పాత ఫాంట్లలోకి మార్చేటప్పుడు ఒత్తులు కొన్ని ఎగిరిపోయి రాష్ట్రం, లక్ష్మి లాంటివి ముక్కలు ముక్కలయ్యాయి గానీ అవన్నీ ఫస్ట్ ప్రూఫులోనే సర్దేశారు. ఒక స్టారు ఎందుకు కోశానంటే, కనుమ నాడు జరిగే జగ్గన్నతోట ప్రభల తీర్థంలో పంచుతామని ముందే చెప్పి ఇచ్చిన పని, కనుమ దాటాక చేతికిచ్చారు. తీర్థంలో అయితే నించున్న చోటే అయిపోయేవి. తర్వాత ఇంటింటికీ తిరిగి పంచడం ఎంత పనో పంచినవాళ్ళకి తెలుసు.

మిగతా రివ్యూ అంతా ఎర్రపెన్ను గురించే.

చాలా ప్రెస్సుల్లో ప్రూఫు మనమే చూసుకోవాలి. అచ్చయ్యాక తప్పు కనిపిస్తే 'మీరిచ్చిన మ్యాటర్లోనే ఉందండీ' అని చేతులు దులిపేసుకుంటారు. ఇక్కడ రిటైరైన తెలుగు మాష్టారు ఒకాయన కూర్చుని ప్రతి అక్షరం చూస్తారు, దానికి విడిగా డబ్బులు తీసుకోరు. మన సెంటర్లలో ఫ్లెక్సీల మీద 'హార్థిక', 'ధన్యవాధములు' చూసీ చూసీ ఏది రైటో మనకే అనుమానం వచ్చే రోజుల్లో ఇలాంటి మనిషి దొరకడం అదృష్టమనే అంటాను. మా డైరీలో ఆయన పట్టిన అక్షరదోషాలన్నీ నిజంగా దోషాలే, వాటి మీద నాకు పేచీ లేదు. పేచీ ఎక్కడంటే, ఆయన మాటల్ని కూడా దిద్దుతారు. స్పెల్లింగు సరిగ్గానే ఉన్న మాట, ఊరంతా అనే మాట, దాన్ని అడ్డంగా కొట్టేసి 'గ్రామ్యం' అనో 'అన్యభాష' అనో పక్కన రాస్తారు.

సెకండ్ ప్రూఫు చేతికొచ్చేసరికి పుస్తకం పేరే మారిపోయింది. మేం పెట్టింది 'రైతు డైరీ'. డైరీ మీద గీత, పక్కన ఎర్రగా 'దినచర్య పుస్తకము'. రైతు జోలికి మాత్రం పోలేదు. రైతు అనే మాట అరబ్బీలో పుట్టి, పారశీకం మీదుగా నవాబుల కచేరీల్లోకి వచ్చి, అక్కణ్ణుంచి మన పొలాల్లోకి దిగింది. డైరీ ఇంగ్లీషు వాళ్ళతో వచ్చింది. ముందొచ్చింది గనక ఒకటి ఇంటిమనిషి అయిపోయింది, ఆలస్యంగా వచ్చింది గనక రెండోది అరుగు మీదే కూర్చోవాలన్నమాట. ఆ లెక్కన చూస్తే ఆయన దిద్దే కాగితం పరాయిదే, కలం పరాయిదే, బిల్లు కట్టాక ఇచ్చే రసీదు పరాయిదే, చొక్కా బొత్తాం పోర్చుగీసుది, దాన్ని ఇస్త్రీ చేయడం పోర్చుగీసుది. తీసేస్తూ పోతే సాయంత్రానికి నోరు మూసుకుని కూర్చోవాలి.

సార్వా అన్నచోట ఖరీఫ్ అని, దాళ్వా అన్నచోట రబీ అని మార్చారు. ఇది చూసి మా సంఘం ప్రెసిడెంటు గారు చాలాసేపు మాట్లాడలేదు. గోదావరి కాలవల కింద చేసే ఏ రైతునైనా అడగండి, 'సార్వా ఊడ్పులయ్యాయా', 'దాళ్వాకి నీళ్ళిస్తారంటారా' అనే పలకరిస్తాడు. ఖరీఫ్ అంటే అరబ్బీలో శరదృతువు, రబీ అంటే వసంతం. సర్కారు కాగితాల్లో ఆ మాటలే ఉంటాయి, బ్యాంకులో లోనుకి వెళ్తే మేమూ అవే నింపుతాం, అందులో తప్పేం లేదు. కానీ ఊరి మాట తీసేసి అరబ్బీ మాట పెట్టి దాన్ని భాష శుభ్రం చేయడం అంటే ఎలా? మాష్టార్ని అడిగితే 'అవి పత్రికా భాష బాబూ, అందరికీ తెలుస్తాయి' అన్నారు. అంటే పరాయిదా సొంతమా అన్నది అసలు లెక్కే కాదని, అచ్చులో ముందే చోటు దొరికిందా లేదా అన్నదే లెక్కని అప్పుడర్థమైంది.

నీటి విడుదల పేజీలో లాకులన్నీ 'జలద్వారములు' అయ్యాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలవలు పారాక, పడవలు ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి ఎక్కి దిగడానికి కట్టినవే లాకులు. ఇంగ్లీషు లాక్, డెల్టాలో చివరి పొల్లు వదిలి ఉకారం తొడుక్కుని స్థిరపడిపోయింది. ఎదురు దారిలో మన దక్షిణాది ఆనకట్ట, అనికట్ అయి ఇంగ్లీషు నిఘంటువుల్లో కూర్చుంది, వాళ్ళెవరూ దాన్ని కొట్టేయలేదు. రావులపాలెంలో ఆటో ఎక్కి లొల్ల జలద్వారాల దగ్గర దింపమని అడిగి చూడండి. పంటుదీ ఇదే కథ. నర్సాపురం, సఖినేటిపల్లి మధ్య వశిష్ఠ గోదావరి మీద మోటారు బళ్ళనీ కార్లనీ మనుషులతో పాటు దాటించేదాన్ని పంటు అంటాం, ఆయన నావ అని మార్చారు. నావ మీద కారెక్కించే ధైర్యం నాకైతే లేదు.

వీటికి నవ్వుకుని వదిలేయొచ్చు. రొయ్యల పేజీ మాత్రం నవ్వుకునేది కాదు. కౌంటు అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. 100 కౌంటు అంటే కిలోకి వంద, చిన్న రొయ్య. 30 కౌంటు అంటే కిలోకి ముప్పై తూగే పెద్ద రొయ్య, రేటు చాలా ఎక్కువ. చెరువు ఇవాళ పట్టేయాలా ఇంకొన్నాళ్ళు మేత వేయాలా, కొనేవాడితో ఎంత దగ్గర తెగ్గొట్టాలి, కరెంటు బిల్లూ మందులూ పోను ఏమన్నా మిగులుతుందా, మొత్తం ఆ ఒక్క మాట మీద నడుస్తుంది. మాష్టారు కౌంటు ఉన్నచోటల్లా 'సంఖ్య' అని పెట్టారు. మేం రాసిన వాక్యం 'కౌంటు తగ్గేకొద్దీ రేటు పెరుగుతుంది'. ప్రూఫులో 'రొయ్యల సంఖ్య తగ్గేకొద్దీ ధర పెరుగును' అని తయారైంది. అంటే చెరువులో రొయ్య చచ్చేకొద్దీ రైతుకి లాభమట. వైట్‌స్పాట్ రోగం తగిలి చెరువంతా ఊడ్చుకుపోయిన వాడి చేతిలో ఈ డైరీ పడితే ఏం చేస్తాడో ఊహించుకోండి. చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్‌ని ఏం చేశారో కూడా చెప్పాలి: వాయుప్రసారిణి. చదివిన కుర్రాడు 'ఇది ఏ రోగానికి మందండీ' అని అడిగాడు.

కురిడీ పేజీ దగ్గర నేనే వెళ్ళి కూర్చున్నాను, ఎందుకంటే అది నేను రాసిన పేజీ. కాయని నెలల తరబడి అటక మీద ఉంచితే లోపల నీరు ఇంకిపోయి కొబ్బరి గుండులా ఊడుతుంది, అదే కురిడీ. అంబాజీపేట మార్కెట్లో దానికి వెయ్యికాయల లెక్కన బేరం, గండేరాకి ఒక రేటు, గటగటకి ఒక రేటు. ప్రూఫులో గండేరా కింద గీత, గటగట చుట్టూ సున్నా, సున్నా లోపల ప్రశ్నార్థకం, ఎర్రపెన్ను గట్టిగా నొక్కినట్టుంది, కాగితం అవతలికి దిగింది.

'మాష్టారండీ, ఇది కురిడీలో రకమండీ,' అన్నాను.

'తెలుసు బాబూ. మా ఇంట్లోనూ కొబ్బరి ఉంది. అనుకోడానికి బానే ఉంటుంది, అచ్చుకి పనికిరాదు.'

'మరి అచ్చులో ఏమనాలండీ?'

కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. 'మేలురకము, మధ్యరకము అనొచ్చు కదా.'

'అలా రాస్తే అంబాజీపేటలో కొట్టువాడు ఏ రేటు కట్టాలండీ?'

దానికాయన ఏమీ అనలేదు గానీ, బల్ల మీద ఉన్న సూర్యరాయాంధ్ర నిఘంటువు సంపుటం మీద చెయ్యేసి, దాని వెనక ఉన్న జయంతి రామయ్య పంతులు గారిది మన ముక్తేశ్వరమేనని చెప్పారు. నిజమే. 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు పెట్టిన మనిషి, వాడుక భాష వద్దన్న పక్షానికి పెద్ద. పిఠాపురం రాజావారి ఖర్చుతో ఆ నిఘంటువు పని సాగింది, మొదటి సంపుటం 1936లో వచ్చింది. పాత కావ్యాల ప్రయోగాలు చూపించి అర్థం చెప్పే పుస్తకం, అంత పని ఇవాళ చేసేవాళ్ళు లేరు, నాకు దాని మీద గౌరవమే. కాకపోతే కావ్యాల్లో వెతికితే కావ్యాల్లో ఉన్న మాటలే దొరుకుతాయి. కురిడీ బేరం చేస్తూ పద్యం రాసిన కవి లేకపోవడం కురిడీ తప్పు ఎలా అవుతుంది?

ఈ గ్రామ్యం అన్న ముద్ర కూడా పాతదే. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం రాసినప్పుడు, వ్యాకరణానికి ఒదగని భాషని గ్రామ్యం అన్నాడు. ఎవరి వ్యాకరణానికి అన్నదే గిడుగు రామమూర్తి గారి గొడవంతా. లిపి లేని సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ రాసిన మనిషాయన. కొండల్లో మాట్లాడే భాషకే పద్ధతి ఉన్నప్పుడు, పల్లెలో మాట్లాడే తెలుగుకి లేదంటే ఆయనెందుకు ఊరుకుంటారు! వీరేశలింగం గారు కూడా ముందు గ్రాంథికం రాసిన వారే, చివరికి 1919లో వాడుక భాష కోసం రాజమండ్రిలో పెట్టిన వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజానికి అధ్యక్షులయ్యారు. ఇంకా వెనక్కి పోతే బ్రౌన్ దొర 1850ల్లోనే కచేరీల్లో వాడే పరాయి మాటలకీ కలగాపులగం మాటలకీ విడిగా ఒక నిఘంటువే వేశాడు. విడిగా కూర్చోబెట్టాడు, నిజమే, కానీ బయటికి నెట్టలేదు. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి గారి ఆధ్వర్యంలో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వచ్చింది, మొత్తం వ్యవసాయం మాటలు, జిల్లాల వారీగా రైతుల నోటి నుంచి తీసుకున్నవి. నిఘంటువు పొలం గట్టు మీదకి కూడా రాగలదని అప్పటికే రుజువైపోయింది. మా మాష్టారి బల్ల మీద ఆ సంపుటం లేదు. ఈసారి వెళ్తే ఎక్కడన్నా పాత కాపీ దొరికితే పట్టుకెళ్తాను.

ఆయన వైపు నుంచి బలమైన మాట ఒకటుంది, అది దాచను. 'ఎవరి ఊరి మాట వాళ్ళు రాసుకుంటే శ్రీకాకుళం వాడికీ నిజామాబాద్ వాడికీ ఎలా అర్థమవుతుంది' అన్నారు. రాష్ట్రమంతా చదివే పాఠ్యపుస్తకమో, కోర్టు కాగితమో అయితే ఈ ప్రశ్న అడగాల్సిందే. మా డైరీ చదివేది కోనసీమలో నాలుగు మండలాల వాళ్ళు, వాళ్ళకి సార్వా అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. అదీగాక ఈ అందరికీ తెలిసిన తెలుగు ఎక్కణ్ణుంచి వచ్చింది? కృష్ణా, గుంటూరు, ఉభయ గోదావరి జిల్లాల్లో చదువుకున్నవాళ్ళ మాటే ప్రమాణ భాష అయి కూర్చుంది. ఆ ధీమాతోనే తెలంగాణ మాటనీ ఉత్తరాంధ్ర మాటనీ 'యాస' అని ఇన్నేళ్ళూ ఎగతాళి చేసింది మనవైపు వాళ్ళే. ఇప్పుడు మన సొంత రైతు మాట దగ్గరకొచ్చేసరికి అదే పెన్ను మన మీదకి తిరిగింది. (ఆయ్, అండీ గురించి కాదు నేను మాట్లాడేది, వాటితో సినిమాలు చాలినంత సరదా చేసేశాయి. డబ్బూ నీళ్ళూ తిండీ ముడిపడి ఉన్న మాటల గురించి.)

అలాగని ఎర్రపెన్ను పెట్టిన ప్రతిచోటా మేం తిరగబడలేదు. మా కుర్రాళ్ళు 'ఫ్లడ్ బ్యాంక్' అని రాసినచోట ఆయన ఏటిగట్టు అని పెట్టారు, 'వాటర్ రిలీజ్ డేట్'ని నీళ్ళు వదిలే తేదీ చేశారు, హాయిగా ఉన్నాయి, ఉంచేశాం. ఇంట్లో అందరం అనేది అదే కదా, ఆ కుర్రాళ్ళతో సహా. డిపార్టుమెంటు వాళ్ళు పంపిన కాగితం చూసి కాపీ కొట్టారు, అంతే.

ఆయన చేసిన అన్నిట్లోకీ మంచి పని ఇంకోటుంది. పేజీల అడుగున ఖాళీ మిగిలిన చోట సామెతలు వేద్దామని కొన్ని ఏరి ఇచ్చాం. అందులో ఒకటి ఒక కులాన్ని ఎద్దేవా చేసేది, ఇంకోటి చూపు లేని మనిషి మీద పరాచికం. తరతరాలుగా అనేస్తున్నాం గనక ఎవరికీ తట్టలేదు. మాష్టారు రెండింటినీ నిలువునా కొట్టేశారు. పక్కన గ్రామ్యం అనీ రాయలేదు, ఏమీ రాయలేదు. అడిగితే 'ఈ పుస్తకం వెళ్ళే ఇళ్ళల్లో ఆ మనుషులుంటారు బాబూ' అన్నారు. అంతే, మారు మాట్లాడకుండా తీసేశాం. తర్వాత ఆలోచిస్తే, ఆ రెండు సామెతల్లో ఒక్క పరాయి మాట లేదు, వ్యాకరణం తప్పు లేదు, పదానికి పదం అచ్చతెలుగు, ఏ నిఘంటువు తీసినా దొరికేవే. పోగొట్టాల్సినవి అవే. మేం నిలబెట్టుకోడానికి పోట్లాడినవి గటగట, కౌంటు, లాకు. మాట ఎవరిని పొడుస్తుంది, చదివేవాడికి పనికొస్తుందా అని చూసినప్పుడు మాష్టారి పెన్ను ఒక్కసారి కూడా తప్పు పడలేదు. మాట ఎక్కడ పుట్టింది, ఎవరి నోట పుట్టింది అని చూసిన ప్రతిసారీ తప్పే పడింది. ఒకే మనిషి, ఒకే పెన్ను. రెండు స్టార్లూ ఆ సామెతలు తీసేసినందుకే ఇచ్చాను.

చివరికి అచ్చయిన డైరీలో సార్వా, దాళ్వా, లాకులు, పంటు, కౌంటు, గండేరా, గటగట అన్నీ ఉన్నాయి, పేరు కూడా రైతు డైరీయే. ఏరేటర్ దగ్గర మాత్రం మాష్టారు బ్రాకెట్లో వాయుప్రసారిణి అని ఒక్కచోటైనా ఉంచమన్నారు. ఉంచాం. కొత్త మాట కట్టడం నేరమేం కాదు, జనం నోట పడితే బతుకుతుంది, ఆకాశవాణి బతకలేదూ! ఆ ప్రెస్సు బిల్లు మీద ఫోన్ నంబరు ముందు 'చరవాణి' అని ఉంటుంది. కౌంటర్లో కుర్రాడు మాత్రం 'సెల్లు నంబరు చెప్పండి' అనే అడుగుతాడు.

వెళ్ళేవాళ్ళకి కొన్ని జాగ్రత్తలు. మ్యాటరు ఇచ్చేటప్పుడే మొదటి పేజీ మీద 'అక్షరదోషాలు మాత్రమే దిద్దగలరు, మాటలు మార్చవద్దు' అని పెద్దక్షరాలతో రాసి ఇవ్వండి, మాష్టారు ఏమీ అనుకోరు, ఆ గీత దాటరు కూడా. మీ వృత్తి మాటలు ఏవన్నా ఉంటే విడిగా ఒక కాగితం మీద రాసిస్తే కంప్యూటర్ దగ్గర అమ్మాయికి కూడా సుళువు. మాష్టారు పొద్దున్న పూటే ఉంటారు, మధ్యాహ్నం వెళ్తే ప్రూఫు మర్నాటికి పడుతుంది. పెళ్ళికార్డులకి మదర్పిత చందన తాంబూలాది సత్కారాలు కావాలంటే కళ్ళు మూసుకుని ఆయనకి వదిలేయండి. డిసెంబరులో క్యాలెండర్ల సీజను, ఆ నెలలో చిన్న పనులు పట్టించుకోరు గనక దసరా అయిన వెంటనే ఇచ్చేయడం మంచిది. సగం అడ్వాన్సు అడుగుతారు, ఫోన్‌పే తీసుకుంటారు, జీఎస్టీ బిల్లు కావాలంటే ముందే చెప్పాలి.